బండను చీల్చిన మొలక: చిత్రకారుడు కృష్ణారెడ్డి జీవితం

బేతంచెర్ల పరిసరాలలో పెరిగిన ప్రతి విద్యార్థికీ ఒక దృశ్యం సుపరిచితమే. గనులనుండి తీసి, కోసి, పనికిరావని పారవేసిన నాపరాతి ముక్కల గుట్టలు మన ఊరి చుట్టూ కనబడుతూ ఉంటాయి. మన్ను లేని ఆ గుట్టల సందులలో, ఎవరూ నాటకుండానే, ఎవరూ నీరు పోయకుండానే ఒక రావి మొక్క తలయెత్తుతుంది. ఏ పక్షి జారవిడిచిన గింజయో అది. ఒక వానకాలం గడిచేసరికి దాని వేరు రెండు బండల నడుమ దూరుతుంది. మరి కొన్ని వానకాలాలు గడిచేసరికి ఆ బండలు రెండూ ఎడమవుతాయి. మనిషి సమ్మెటతో చేసే పనిని ఆ లేత వేరు చప్పుడు లేకుండా చేసివేస్తుంది.

ఆ మొక్కను చిత్రించమంటే మనలో చాలామందిమి రెండు కొమ్మలు వేసి, నాలుగు ఆకులు దిద్ది, పచ్చరంగు పూసి సంతృప్తి చెందుతాము. కాని బండను చీల్చిన ఆ బలం మాటేమిటి? ఆకు కంటికి కనబడుతుంది. లోలోపల సాగిన ఆ ఒత్తిడి కనబడదు. దానికి రంగు ఏది? దానికి గీత ఏది? కంటికి కనబడని ఆ ప్రాణశక్తికే రూపం కల్పించాలని ఒక జీవితకాలమంతా శ్రమించిన తెలుగు చిత్రకారుడు ఒకరున్నారు. ఆయన పుట్టినది కూడా మన రాయలసీమ నేలపైనే. ఆయన పేరు కృష్ణారెడ్డి.

ముందుగా నా లోపమొకటి చెప్పుకోవాలి. విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుతున్న రోజులలో గ్రంథాలయంలోని ఒక పుస్తకంలో ఆయన చిత్రం అచ్చు ప్రతిని తొలిసారి చూచాను. అల్లుకుపోయిన గీతలు, ఒకదానిలో ఒకటి మెరిసే రంగులు తప్ప నాకు అందులో మరేమీ కనబడలేదు. మనిషి లేడు, చెట్టు లేదు, కథ లేదు. ఇది నా వంటివారికి కాదులే అనుకొని పుట తిప్పివేశాను. ఇది జరిగి ఎన్నో ఏళ్ళయిన తరువాత, ఆ నాపరాతి గుట్టలోని రావి మొక్కను నిలబడి చూచిన ఒక సాయంత్రం, ఆ తిప్పివేసిన పుట నాకు మళ్ళీ జ్ఞాపకం వచ్చింది. ఆ చిత్రకారుని జీవితాన్ని తెలుసుకోవాలనే కోరిక అప్పుడు కలిగింది. ఈ వ్యాసం ఆ కోరిక ఫలితమే.

కృష్ణారెడ్డి 1925వ సంవత్సరం జూలై 15వ తేదీన చిత్తూరు జిల్లాలోని నందనూరు అనే పల్లెలో జన్మించారు. బాల్యంలో ఆయనకు లభించిన భాగ్యం ఋషివ్యాలీ పాఠశాల. మదనపల్లెలో పుట్టి లోకప్రసిద్ధుడైన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి భావాల వెలుగులో, కొండల నడుమ వెలసిన విద్యాలయమది. అక్కడి పెద్ద మర్రిచెట్టు ఎన్నో తరాల విద్యార్థులకు నీడనిచ్చింది. పేరు పెట్టి, వర్గీకరించి, పక్కకు నెట్టివేయకుండా దేనినైనా నిలబడి నిదానంగా చూడాలన్నది కృష్ణమూర్తి బోధలలోని ముఖ్యాంశం. చెట్టును చూచి ఇది మర్రి అని చెప్పగలిగినంత మాత్రాన చెట్టును చూచినట్లు కాదు. ఈ పాఠం ఆ బాలుని మనస్సులో ఎంత లోతుగా నాటుకున్నదో ఆయన తరువాత చేసిన చిత్రాలే చెబుతాయి.

1940ల తొలి సంవత్సరాలలో ఆయన వంగదేశంలోని శాంతినికేతనానికి వెళ్ళి, విశ్వభారతిలో లలితకళలు అభ్యసించారు. రవీంద్రనాథ ఠాకూర్ 1941లో కన్నుమూసినా ఆయన నాటిన సంప్రదాయం అక్కడ సజీవంగా ఉండేది. నాలుగు గోడల మధ్య కాక చెట్ల క్రింద చదువు సాగే చోటు అది. నందలాల్ బోస్ వంటి ఆచార్యుడు విద్యార్థులకు ప్రకృతినే పాఠ్యగ్రంథంగా చూపేవారు. చెట్టు ఎట్లా నిలబడుతుంది, కొమ్మ ఎచ్చట వంగుతుంది, ఆకు కాడను ఎట్లా పట్టుకొని ఉంటుంది అనే పరిశీలన అక్కడి చిత్రకళకు పునాది. రామ్‌కింకర్ బైజ్ అనే మహాశిల్పి కంకరను, సిమెంటును కలిపి ఆరుబయట మానవాకృతులను నిలబెట్టింది కూడా ఆ ప్రాంగణంలోనే. ఖరీదైన పాలరాయి లేకున్నా చుట్టుప్రక్కల దొరికే వస్తువుతోనే గొప్ప శిల్పం సాధ్యమని ఆయన నిరూపించారు. కృష్ణారెడ్డి విద్యార్థిగా ఉన్న ఆ కాలంలోనే, 1943లో, వంగదేశాన్ని ఘోరమైన కరువు కబళించింది. లక్షలాది ప్రజలు ఆకలితో మరణించారు. ఒకవైపు ప్రకృతి సౌందర్యం, మరొకవైపు మనిషి దుఃఖం. ఈ రెండూ ఆయన కళలో కడవరకూ కలిసి నడిచాయి.

విద్య ముగిసిన పిమ్మట 1947 నుండి 1949 వరకు మద్రాసులో రుక్మిణీదేవి స్థాపించిన కళాక్షేత్రంలో చిత్రకళా విభాగానికి అధిపతిగా పనిచేశారు. ఆ రోజులలోనే శిల్పకళపై మనస్సు మళ్ళింది. ఇరవైనాలుగేండ్ల యువకుడు, గౌరవమైన ఉద్యోగం, అప్పుడే స్వాతంత్ర్యం పొందిన దేశం. అక్కడే స్థిరపడితే ఎవరూ తప్పు పట్టేవారు కారు. కాని తనకు తెలిసినది చాలదన్న అసంతృప్తి ఆయనను ఇంగ్లండుకు తీసికొనిపోయింది. లండనులోని స్లేడ్ కళాశాలలో చేరి, హెన్రీ మూర్ వంటి మహాశిల్పి సాన్నిధ్యంలో నేర్చుకున్నారు. అటుపిమ్మట పారిస్ చేరి ఒసిప్ జాడ్కిన్ వద్ద, ఇటలీలోని మిలాను నగరంలో మారినో మారినీ వద్ద శిల్పవిద్యను కొనసాగించారు.

కృష్ణారెడ్డి మొదట శిల్పి అన్న ఈ విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. చిత్రకారుడు కాగితాన్ని సమతలంగా చూస్తాడు. శిల్పికి ప్రతి వస్తువులోనూ లోతు కనబడుతుంది. ఆళ్ళగడ్డ శిల్పుల పనిశాలలలో రాతిముందు కూర్చున్న పనివాడిని చూచినవారికి ఈ తేడా వెంటనే బోధపడుతుంది. అతడు రాతికి ఏమీ జోడించడు. తొలగిస్తూ పోతాడు. ఎక్కడ ఎంత లోతుకు పోవాలో అతని చేతికి తెలుసు. అట్టి చేయి ఒక లోహపు రేకుమీద పడితే ఏమవుతుంది? కృష్ణారెడ్డి జీవితంలో ముఖ్యమైన ఘట్టం ఇక్కడనే ఆరంభమవుతుంది.

పారిస్‌లో ‘ఆతెలియే 17’ అనే పేరుగల పనిశాల ఒకటి ఉండేది. దానిని 1927లో నెలకొల్పినవారు స్టాన్లీ విలియం హేటర్ అనే ఆంగ్లేయుడు. ఆయన రసాయనశాస్త్రం, భూగర్భశాస్త్రం చదివి, ఇరాన్‌లోని అబాదాన్‌లో చమురు సంస్థలో కొంతకాలం పనిచేసి, ఆ తరువాత కళారంగంలో అడుగుపెట్టిన విలక్షణ వ్యక్తి. ఆ పనిశాలలో గురువు పీఠం మీద, శిష్యుడు క్రింద అనే పద్ధతి లేదు. అందరూ ఒకే బల్ల చుట్టూ చేరి, ఒకే యంత్రం మీద పనిచేసి, ఒకరు కనుగొన్నదానిని మరొకరికి చెప్పుకునేవారు. 1950లలో కృష్ణారెడ్డి అక్కడ చేరారు.

అక్కడ జరిగే పని ముద్రణ చిత్రకళ. రాగి లేదా జింకు రేకుమీద ఉలితో గీతలు చెక్కుతారు, లేదా ఆమ్లంతో కొరికిస్తారు. ఆ గాళ్ళలో సిరా నింపి, పైభాగాన్ని తుడిచి, తడి కాగితం పరచి, బరువైన యంత్రంలో అదిమితే గాళ్ళలోని సిరా కాగితానికి అంటుకుంటుంది. నల్లని సిరాతో ఈ పని ఐరోపాలో శతాబ్దాలుగా సాగుతున్నదే. రంగులు కావాలంటేనే చిక్కు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రేకు సిద్ధం చేసుకొని, కాగితాన్ని మళ్ళీ మళ్ళీ యంత్రంలోకి పంపవలసి వచ్చేది. వెంట్రుకవాసి తేడా వచ్చినా చిత్రం చెడిపోయేది. పైగా అట్లా విడివిడిగా అద్దిన రంగులు ఒకదాని పక్కన ఒకటి అతికించినట్లే ఉండేవి. కొలనులోని నీటివలె, మర్రి ఆకులమధ్య దూరిన ఎండవలె అవి కలిసి మెరిసేవి కావు.

ఈ చిక్కును విప్పిన పరిశోధనలో హేటరు, బొంబాయి నుండి వచ్చిన భారతీయ కళాకారుడు కైకో మోతీ, కృష్ణారెడ్డి ప్రముఖులు. వారు కనుగొన్న రహస్యం వింటే మన ఇండ్లలోని వంటగది గుర్తుకు వస్తుంది. నూనె మీద నీరు నిలువదు కదా! అదే విధంగా, అవిసె నూనె ఎక్కువగా కలిపి పలుచన చేసిన సిరా మీద, నూనె తక్కువగా ఉన్న చిక్కని సిరా అంటుకొనదు. రేకును శిల్పం వలె వేర్వేరు లోతులకు చెక్కాలి. గట్టి రోలరుతో పలుచని సిరాను దొర్లిస్తే అది మిట్టలకు మాత్రమే అంటుతుంది. ఆ తరువాత మెత్తని రోలరుతో చిక్కని సిరాను దొర్లిస్తే, మెత్తదనం వలన ఆ రోలరు పల్లాలలోనికి దిగుతుంది. ఆ సిరాను మిట్టలమీది నూనె తిరస్కరిస్తుంది, పల్లాలు స్వీకరిస్తాయి. మరీ లోతైన గాళ్ళలో ముందుగానే నింపిన వేరొక సిరా ఉంటుంది. ఇక ఒకే రేకు, ఒకే అదుము. అన్ని రంగులూ ఒక్కసారిగా కాగితంపైకి వస్తాయి. సిరాల చిక్కదనంలోని తేడాపై ఆధారపడిన ఈ పద్ధతి ప్రపంచమంతటా విస్కాసిటీ ముద్రణగా పేరుపొందింది.

ఇందులో కృష్ణారెడ్డి ప్రత్యేకత ఏమిటి? రేకును ఆయన బొమ్మ గీసే పలకగా కాక, చెక్కవలసిన శిల్పంగా భావించారు. కొండ, లోయ, వాగు ఉన్న ఒక చిన్న భూభాగాన్ని ఆయన లోహంమీద నిర్మించారు. వాన పడినప్పుడు నీరు తన దారిని తానే వెదుకుకొన్నట్లు, రంగు తన చోటును తానే వెదుకుకొంటుంది. ఒక్కొక్క రేకుమీద ఆయన దీర్ఘకాలం పనిచేసేవారు. చెట్టు ఎట్లా పెరుగుతుందో చిత్రం కూడా అట్లాగే పెరగాలన్నది ఆయన ఆశయం. తొందరపెడితే చెట్టు పెరగదు కదా.

ఆయన చిత్రాల పేర్లు చూచినా ఈ దృష్టి తెలుస్తుంది. 1952 నాటి తొలి చిత్రాలలో చేప ఉన్నది, పురుగు ఉన్నది. తరువాత వచ్చినవి విత్తనం, మొలక, సీతాకోకచిలుక, నది, కలువలు. 1963లో ఆయన చేసిన ‘అల’, ‘సుడిగుండం’ మిక్కిలి ప్రసిద్ధి గాంచాయి. సుడిగుండంలో ఒడ్డు లేదు, పడవ లేదు, ఆకాశం లేదు. సుడి తిరిగే గీతల వల మాత్రమే ఉన్నది. ఆ గీతలను వెంబడించిన చూపు తెలియకుండానే లోపలికి దిగిపోతుంది. చిత్రం ఎదుట నిలబడినవాడు ఒడ్డున నిలబడి చూడడు. నీటిలో పడతాడు. మొలకను చిత్రించినప్పుడు ఆయన ఆకుపచ్చని మొక్కను గీయలేదు. లోపలినుండి వెలుపలికి తోసుకొని వచ్చే ఒత్తిడిని గీశారు. నేను తిప్పివేసిన పుటలో ఉన్నది ఏమిటో నాకు తెలియజేసినది ఈ ఆలోచనయే.

ఇట్టి కళను నైరూప్య కళ అంటారు. ఆ మాట వినగానే మన విద్యార్థులు బెదురుతారు. అది పడమటి దేశాల వింత అని కొందరు పెదవి విరుస్తారు. ఒక్కసారి ఆలోచించండి. మన పాత మసీదుల, దర్గాల గోడలమీద ఉర్దూలో బేల్ బూటే అనే లతల అల్లికలను మనము చిన్ననాటినుండి చూస్తున్నాము. అది ఏ తోటలోని తీగ? దాని పేరేమి? దాని పువ్వు కోసి చూపగలరా? అది ఏ ఒక్క తీగా కాదు. అల్లుకొనడం అనే స్వభావమే అక్కడ రూపు దాల్చింది. మన తల్లులు వాకిట వేసే ముగ్గులో పద్మం కూడా ఏ కొలనులోనూ పూసినది కాదు. ప్రకృతిని విడిచిపెట్టడం వలన నైరూప్యం పుట్టలేదు. ప్రకృతికి మరింత దగ్గరగా, దాని లోపలికి పోవడం వలన పుట్టింది. కృష్ణారెడ్డి చిత్రాలను ఈ కంటితో చూస్తే అవి మనకు పరాయివి కావు.

అయినా ఆయన నీటిలోను, మొక్కలలోను మునిగి మనుషులను మరచిన వ్యక్తి కారు. 1968 మే నెలలో పారిస్ విద్యార్థులు వీధులలోకి వచ్చి ఉద్యమించినప్పుడు ఆయన ఆ నగరంలోనే ఉన్నారు. ఆ సందర్భం నుండి ‘ప్రదర్శకులు’ అనే చిత్రం వెలువడింది. తరువాతి కాలంలో సర్కస్‌లోని విదూషకుడు ఆయనను ఆకర్షించాడు. అందరినీ నవ్వించే వాని ఏకాంతంలో ఆయన మానవుని దుఃఖాన్ని చూచారు. 1980ల ఆరంభంలో రూపొందిన ‘మహా విదూషకుడు’ అనే ఒకే రేకునుండి రంగులు మార్చి మార్చి ఎన్నో ప్రతులు తీశారు. మనిషి ఒకడే, మనఃస్థితులు అనేకం అన్న సత్యం ఆ ప్రతులను వరుసగా చూచినవారికి బోధపడుతుంది.

కళాకారునిగా ఎంత గొప్పవారో గురువుగా కూడా ఆయన అంత గొప్పవారు. తాము కనుగొన్న పద్ధతిని రహస్యంగా దాచుకొని లాభం గడించవచ్చు. ఆయన ఆ పని చేయలేదు. 1960ల మధ్యనుండి 1976 వరకు ఆతెలియే 17కు హేటరుతోపాటు సహ నిర్దేశకులుగా ఉండి, దేశదేశాలనుండి వచ్చిన యువకళాకారులకు ఆ విద్యను పంచిపెట్టారు. వారిలో ఒకరు జరీనా హష్మీ. 1937లో అలీగఢ్‌లో జన్మించి, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో గణితశాస్త్రం చదివిన ఆమె 1960లలో పారిస్ చేరి ఆ పనిశాలలో ముద్రణకళ నేర్చుకున్నారు. అనంతర కాలంలో ఇల్లు, గడప, సరిహద్దు వంటి భావాలను కొద్దిపాటి గీతలతోను, ఉర్దూ లిపిలోని ఒక్కొక్క మాటతోను చిత్రించి ప్రపంచఖ్యాతి పొందారు. ఉర్దూ, తెలుగు భాషలు రెండూ పక్కపక్క గదులలో వినిపించే మన కళాశాలలో ఈ విషయాన్ని ప్రత్యేకంగా స్మరించుకోవాలి. చిత్తూరు జిల్లా తెలుగు బాలుడు, అలీగఢ్ ఉర్దూ బాలిక ఒకే పనిశాలలో, ఒకే సిరా మరకలు చేతులకు పూసుకొని పనిచేశారు. 2016 అక్టోబరులో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ కళాసంగ్రహాలయం హేటర్, కృష్ణారెడ్డి, జరీనా హష్మీ ముగ్గురి పేర్లతో ఒక ప్రదర్శన ఏర్పాటు చేసి ఈ బంధాన్ని లోకానికి చాటింది. అప్పటికి కృష్ణారెడ్డికి తొంబది ఒక్క సంవత్సరాలు.

1972లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీ బిరుదంతో గౌరవించింది. 1976లో ఆయన పారిస్ విడిచి న్యూయార్క్‌లో స్థిరపడి, న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ముద్రణకళా విభాగాన్ని నిర్వహించి దీర్ఘకాలం బోధించారు. 1981లో అక్కడి బ్రాంక్స్ కళాసంగ్రహాలయం ఆయన జీవితకాల కృషిని ప్రదర్శించింది. 1988లో ఆయన తన పద్ధతిని వివరంగా తెలిపే గ్రంథాన్ని ప్రచురించారు. చేతిలోని విద్యను చివరి మెలకువ వరకూ అక్షరాలలో పెట్టి అందరికీ అందించిన ఆ గ్రంథం ఆయన ఔదార్యానికి నిదర్శనం. 2018వ సంవత్సరం ఆగస్టు 22వ తేదీన, తొంబది మూడేండ్ల వయస్సులో, ఆయన న్యూయార్క్ రాష్ట్రంలో కన్నుమూశారు.

విద్యార్థి మిత్రులారా! ఈ జీవితం మనకు నేర్పేదేమిటి? నందనూరు పల్లెనుండి పారిస్‌కు పోవడమే గొప్ప అని మీరు భావించవద్దు. దూరం పోయినవారు ఎందరో ఉన్నారు. పల్లెలో చూచిన విత్తనాన్ని, నీటిని, చెట్టును మరువకుండా అంత దూరం మోసుకొని పోవడమే గొప్ప. రాయి, ఉలి, నూనె, నీరు. ఈ నాలుగూ ఆయన చేతిలో మహాకళకు సాధనాలయ్యాయి. ఈ నాలుగింటిలో మన ఊరిలో లేనిది ఏది? మీ తండ్రులలో, అన్నలలో ఎందరో రాతిని కోసి, నీరు చల్లి, మెరుగుపెట్టి బ్రతుకుతున్నారు. గరుకు బండపై నీరు పడగానే దాని లోపలి రంగు ఒక్కసారి మేల్కొనడం మీకు పుస్తకం చెప్పనవసరం లేదు. ఆ పనిని కూలిగా మాత్రమే కాక చూపుగా కూడా గుర్తించగలిగితే మీలో ఒక శిల్పి ఉండవచ్చు.

మరొక మాట చెప్పి ముగిస్తాను. కొంతకాలం క్రితం, నేను వ్యాకరణ పాఠం చెబుతుండగా, ఒక విద్యార్థి నోటు పుస్తకం అంచులలో ఏవో గీతలు అల్లుకుంటూ కూర్చున్నాడు. పిచ్చి గీతలు గీయవద్దని మందలించి ఆ పుటను చింపించాను. అతడు మారుమాట పలుకలేదు. ఆ తరువాత నా తరగతిలో అతడు గీతలు గీయగా నేను చూడలేదు. గ్రంథాలయంలో ఒక పుట తిప్పివేశాను, తరగతిలో ఒక పుట చింపించాను. మొదటిదానిని ఈ వ్యాసంతో కొంతవరకు సరిదిద్దుకున్నాను. రెండవదానిని నేనొక్కడినే సరిదిద్దలేను. కళాశాల సంఘం పెద్దలు దయతో ఆలోచించి, వారానికి ఒక గంటపాటు చిత్రకళకు ఒక గదిని కేటాయించవలసినదిగా వినయపూర్వకంగా మనవి చేస్తున్నాను. అందుకు పెద్ద వ్యయమేమీ లేదు. కొన్ని కాగితాలు, కొంత సిరా, మన గనులలో పారవేసిన నాలుగు నున్నని పలకలు చాలు. ఏ బండ సందులో ఏ గింజ పడి ఉన్నదో మనకు తెలియదు. మొలకెత్తినప్పుడు పెరికివేయకుండా ఉండడమైనా మన చేతిలో ఉన్నది.